ఎర్ర పిడి

కూలిన చిన్న విమానాన్ని షెడ్డు మూలన పడేసి విచారణవాళ్లు వెళ్లిపోయారు. తాళం వెయ్యడానికి మెకానిక్ ఒక్కడే మిగిలాడు. ఆ విమానం నడుపుతూ చనిపోయినవాడు అతని అక్క మొగుడు. మెకానిక్ కంట ఇంతవరకూ నీటిచుక్క రాలేదు.

కాక్‌పిట్‌లోని ఎర్ర పిడిని లోపలికి నెడితే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. దాని మీద ఇద్దరికీ ఎప్పుడూ కీచులాటే.

"ఇంజను కడుపు మాడ్చకు బావా, పైన ఆగిపోతుంది."

"నువ్వు మేపి మేపి దానికి మసి పట్టిస్తున్నావురా బామ్మర్దీ!"

సాయంత్రం ఇతను నెట్టి వెళ్తే, పొద్దున్నే ఆయన నవ్వుతూ లాగేవాడు.

ఇప్పుడా పిడి బావ లాగినట్టే బయటికి ఉంది. కడ్డీ వంగిపోయింది. విచారణవాళ్లు ఇద్దరు కలిసి నెట్టినా కదల్లేదు.

"సరేలే, నువ్వే గెలిచావు" అని మెకానిక్ లైటు ఆర్పి తలుపు మూశాడు.

లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటూ కీచుమంది. తర్వాత టక్కుమంది. ఆపైన చడీచప్పుడూ లేదు.

తలుపు తీసి టార్చి వేశాడు. పిడి లోపలికంటా వెళ్లిపోయి ఉంది. అతనికి భయం కూడా వెయ్యలేదు.

"ఇప్పుడా బావా ఒప్పుకునేది?"

ఖాళీ సీటు, ఎవరో లేస్తున్నట్టు, మెల్లగా కిర్రుమంది.