ఒక్క అద్దం దూరం

“ఒక అద్దం ఎక్కువున్నది,” అన్నాడు మార్కులు వేయడానికి వచ్చిన సుదర్శన్ సార్.

గార్ల బడిలో సైన్స్ ప్రదర్శన. బల్లకు ఈ చివర పసుపు పూసిన గుమ్మడికాయ, అది సూర్యుడు. ఆ చివర నీలం రంగేసిన బత్తాయి, అది భూమి. రెంటి నడుమ ఒక ఎర్రగుడ్డ. గుడ్డ మీద తెల్లదారంతో పదిహేను అని అంకె, దాని పక్కన వరసగా గుండ్రటి అద్దాలు. ఒక్కో అద్దం ఒక్కో సున్నా. సూర్యుడి నుంచి భూమి దాకా ఉన్న దూరాన్ని, పరమాణువులను కొలిచే ఆంగ్‌స్ట్రామ్‌లలోకి మారిస్తే ఎంతవుతుందో చూపించే గుడ్డ అది.

లెక్క చేసింది ఏడో తరగతి తనూజ. అద్దాలు కుట్టింది వాళ్లమ్మ కల్యాణి. తండాలో ఏ ఇంట్లో పెళ్లయినా రైకలకు అద్దాలు కుట్టే చెయ్యి అది.

సార్ పెన్ను మూతతో తాకుతూ మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. లెక్క చెప్పమని తనూజను అడిగాడు. పిల్ల తడబడకుండా చెప్పింది. సూర్యుడి దాకా మీటర్లలో అయితే పదిహేను పక్కన పది సున్నాలు. ఒక్క మీటరులో ఆంగ్‌స్ట్రామ్‌లు ఎన్నంటే ఒకటి పక్కన పది సున్నాలు. ఈ పదీ ఆ పదీ కలిపితే, పదిహేను పక్కన ఇరవై.

“మరి గుడ్డ మీద ఇరవై ఒకటి ఎట్లయినయి?”

తనూజ తల్లి వైపు చూసింది. కల్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటు పది, ఇటు పది కుట్టినాక నడుమ బోసిగా కనబడింది. నడుమ అద్దం లేకుండా ఆమె ఇప్పటిదాకా ఏ పట్టీ కుట్టి ఎరగదు. చెయ్యి దానంతట అదే ఇంకోటి పెట్టేసింది.

“నడుమ అద్దం లేకుంటే ముక్కు లేని మొఖం లెక్క ఉంటది సార్,” అంది చిన్నగా. “ఒక్కటే గద.”

సార్ కోప్పడలేదు. కోప్పడకపోయేసరికి కల్యాణికి ఇంకింత భయమేసింది.

“రైకకు ఇంకో అద్దం కుడితే ఒక అద్దమే పెరుగుతదమ్మా. అంకెకు కుడితే పది రెట్లు పెరుగుతది. నువ్వు సూర్యుణ్ని పది రెట్లు అవతలికి తోసినవ్. గంత దూరంల భూమి ఉంటే మనమంత గడ్డకట్టుకపోతం.”

పక్క బల్ల దగ్గర డ్రిప్పు పైపుల నమూనా పెట్టిన పిల్లలు కిసుక్కుమన్నారు. మహబూబాబాద్‌లో జిల్లా ప్రదర్శనకు పంపేది ఒక్క బల్లనే. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

వాకిట్లో నిలబడ్డ కల్యాణి మామ వాల్యా, అయిపోయిందా, ఆటో దొరకదు అని కేకేశాడు. పొద్దున ఇంట్లో ఆయన మాట ఒక్కటే. పిల్ల మహబూబాబాద్‌కు సెలెక్టయితే ఇక బడి జోలికి రాడు. కాకపోతే సోమవారం నుంచి మిరప ఏరడానికి రావాల్సిందే, చేతులు చాలడం లేదు. కల్యాణి చదువు ఏడో తరగతిలో ఆగింది కూడా మిరప ఏరేటందుకే. ఆ మాట అంటే, అయితే ఏమైంది, బతుకుతలేవా అంటాడు.

కల్యాణి వంగి, నడుమ అద్దం దారాన్ని పళ్లతో పట్టుకుంది. గుడ్డ ముట్టుకోవద్దమ్మా, సార్ ముందర బాగుండదు అని కరుణ టీచర్ చెవిలో చెప్పేలోపే దారం తెగింది. అద్దం ఊడి అరచేతిలో పడింది.

కానీ ఆమె కుట్టు గట్టిది. అద్దం పోయినా దాని చుట్టూ వేసిన తెల్లదారం గుండ్రంగా అట్లనే ఉంది.

“ఇప్పుడు కూడా సున్నానే గదమ్మా,” అన్నాడు సార్. “మొదలు మెరిసే సున్నా, ఇప్పుడు మెరవని సున్నా.”

ఈసారి కరుణ టీచర్ కూడా నవ్వింది. కల్యాణికి మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ దారం కూడా తెంపుదామని గోరుతో గీకితే గుడ్డే చిరిగేట్టు ఉంది. చేసేది లేక అద్దాన్ని మళ్లీ దాని గూట్లోనే దోపి, బిడ్డ మొహం చూడలేక గుమ్మడికాయను చూస్తూ నిలబడింది.

“ఊకో యాడీ,” అంది తనూజ, తల్లిని తండా మాటలో పిలుస్తూ. బత్తాయిని ఒకసారి చూసింది. అద్దాల వరస మొత్తం ఒకసారి చూసింది.

సార్ మార్కులు వేయడానికి పెన్ను మూత తీశాడు.

అప్పుడే తనూజ, తల్లి ఎడమచెయ్యి పట్టుకుని తెల్లగాజు ఒకటి లాగింది. కల్యాణి ఉలిక్కిపడింది. మొగుడున్న మనిషి చేతి గాజు గట్ల గుంజుతరా అని గొణిగింది. పిల్ల వినిపించుకోలేదు. గాజును తీసుకుపోయి నీలం బత్తాయికి తొడిగింది. అది సగం దాకా దిగి, జర వాలుగా నిలబడింది.

సార్ పెన్ను ఆగింది. బత్తాయిని చూశాడు, అద్దాలను చూశాడు. మీసాల కింద నవ్వు ఆపుకుంటూ, పక్క బల్లలకు కూడా వినబడేటట్టు, గిదేందని అడిగాడు.

“మా యాడి అద్దాలు సరిగ్గనే కుట్టింది సార్, నేనే గాజు తొడుగుడు మర్చిపోయిన,” అంది తనూజ. “గంత దూరంల ఉండేది భూమి కాదు, శని.”