నూట పద్నాలుగో ఓటమి

త్రాసు ఎక్కబోతూ కూడా ఆ పెద్దమనిషి పంది మాంసం కూరిన రొట్టె నములుతూనే ఉన్నాడు.

కెల్విన్‌కు ఒళ్లు మండింది. బాక్సింగ్‌లో యాభై మూడున్నర కిలోలు దాటకూడని బాంటమ్ బరువులో ఇమడడానికి తను మూడు రోజులుగా కడుపు మాడ్చుకుంటున్నాడు.

రేపు మధ్యాహ్నం ఓల్డమ్‌లో అతని మొట్టమొదటి ప్రొఫెషనల్ పోటీ. ఎదుటివాణ్ణి పడగొట్టి గెలిస్తే, టీవీలో చూపించే పోటీల్లో చోటిస్తానని నిర్వాహకుడు మాటిచ్చాడు.

ఆ ఎదుటివాడు ఈయనే. ఆల్ఫ్ గార్నెట్, ముప్ఫై తొమ్మిదేళ్లు, గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే పని. గెలిచినవి తొమ్మిది, ఓడినవి నూట పదమూడు.

త్రాసు దిగుతుంటే ఆయన జేబులోంచి ఏదో ఠంగున కింద పడింది. గేలానికి కట్టే సీసం గుండు.

"బరువెక్కువై ఏడ్చేవాళ్లను చూశాను గానీ, చాలక దొంగతనంగా కలుపుకొనేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు కెల్విన్.

"ఫోన్లో ఎవరు ఏ బరువువాడు కావాలంటే ఆ బరువే నాది, బాబూ," అంటూ ఆల్ఫ్ గుండును తీసి జేబులో వేసుకున్నాడు.

కొత్త కుర్రాడు గెలవాలంటే ఎవడో ఒకడు ఓడాలిగా, ఊరూరా బస్సెక్కి వచ్చి ఆ పని చేసిపోయే మనిషి ఆయన, చులకన చెయ్యకు అన్నాడు కోచ్ మ్యాక్. కెల్విన్ చెవిన పెట్టలేదు. నూట పదమూడుసార్లు ఓడినవాణ్ణి కొత్తగా చులకన చెయ్యడానికేముంది?

మర్నాడు మొదటి రౌండులోనే విరుచుకుపడ్డాడు. దెబ్బలు మోచేతుల మీద పడ్డాయి, భుజాల మీద పడ్డాయి, ఎక్కువగా గాలిలో పడ్డాయి. ఆ మనిషి ముఖం ఒక్కటే దొరకలేదు.

రెండో రౌండులో కెల్విన్ గడ్డానికి ఒక దెబ్బ తగిలింది. మెత్తగా, పసిపిల్లాడి బుగ్గ తట్టినట్టు. వెంటనే ఇంకొకటి.

ఒకరినొకరు పట్టుకున్నప్పుడు ఆల్ఫ్ అతని చెవిలో అన్నాడు. "కుడిచెయ్యి విసిరినప్పుడల్లా ఎడమచెయ్యి దించేస్తున్నావు. తలుపు బార్లా తెరిచి బజారుకెళ్తున్నావు."

"నోర్మూసుకో, తాతా."

తాత నోరు మూసుకున్నాడు గానీ తట్టడం మానలేదు. ఎడమచెయ్యి దిగినప్పుడల్లా తట్టాడు. ఏడోసారికి కెల్విన్ ఉక్రోషంతో దాన్ని దించడమే మానేశాడు.

నాలుగు రౌండ్లూ కెల్విన్‌వే అన్నారు, గెలుపు అతనికే ఇచ్చారు. కానీ ఆల్ఫ్ పడలేదు, టీవీలో చోటు ఇంకొకడికి పోయింది. ఆ కడుపుమంటంతా బట్టలు మార్చుకునే గదిలో వెళ్లగక్కాడు.

"నీ దెబ్బకు ఈగ కూడా చావదు. ఇంకా ఎందుకొస్తావయ్యా?"

ఆల్ఫ్ చేతులకున్న పట్టీలు తీరిగ్గా విప్పుకుంటూ, "నేనొచ్చింది ఈగల్ని చంపడానికి కాదులే," అన్నాడు. బస్సు వెళ్లిపోతుందని సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆరేళ్లు గడిచాయి. బ్రిటిష్ టైటిల్ పోటీలో, పదకొండో రౌండులో కెల్విన్ కుడిచెయ్యి విసిరాడు. ఎదుటినుంచి బండరాయిలాంటి దెబ్బ నేరుగా గడ్డం మీదికి వచ్చింది. గడ్డానికి తగల్లేదు, ఎడమచేతి గ్లవ్‌కు తగిలింది. ఆ చెయ్యి దానంతటదే అక్కడుంది.

ఛాంపియన్ బెల్టు చేతికొచ్చిన క్షణంలోనే గ్రిమ్స్‌బీ వెళ్లాలనుకున్నాడు. ఆయనతో ఒక్క మాట చెప్పి రావాలి. తర్వాతి పోటీ అయ్యాక వెళ్దాంలే అనుకున్నాడు. ఆ పోటీ అయింది, ఇంకొకటీ అయింది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు.

మార్చిలో మ్యాక్ ఫోన్ చేశాడు.

"ఆల్ఫ్ పోయాడురా. శవం పెట్టె మొయ్యడానికి నిన్ను రమ్మంటోంది వాళ్లావిడ."

"నన్నా? ఆయనతో ఆడింది ఒక్కసారే. అప్పుడూ తిట్టాను."

"ఆయనే నీ పేరు రాసిపెట్టి పోయాడట."

చర్చి బయట, అంత్యక్రియలు జరిపించే మనిషి మోసేవాళ్లను వరసలో నిలబెట్టి తెగ సంతోషించాడు. "ఎప్పుడూ ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, పెట్టె వంకరపోతుంది. ఇవాళ కొలిచి తెచ్చినట్టున్నారే."

కెల్విన్ తల వంచుకునే ఉన్నాడు. ఆల్ఫ్ భార్య డోరీన్ వచ్చి అతని బుగ్గ మీద మెత్తగా తట్టింది.

"టీవీలో నిన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడయ్యా. 'ఈ మొండివాడు కూడా విన్నాడే' అన్నాడు."

తప్పయిందని చెప్పుకోవడానికి ఇప్పుడు ఎదురుగా ఉన్నది పెట్టె ఒక్కటే.

తల ఎత్తాడు. ముందు నిలబడ్డ చప్పిడి ముక్కాయనను గుర్తుపట్టాడు. పదేళ్ల కిందట ఫ్లైవెయిట్ అనే ఇంకా తేలిక బరువులో ఛాంపియన్.

"మీక్కూడా ఎడమచెయ్యేనా?" అని మెల్లగా అడిగాడు.

"నాకు కాళ్లు," అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు కెల్విన్ మిగతా నలుగురినీ ఒక్కొక్కరిగా గుర్తుపట్టాడు: ఆ పెట్టె కింద భుజం పెట్టిన ఆరుగురూ దేశానికి ఛాంపియన్లైనవాళ్లే, ఆరుగురూ తొలి గెలుపు గెలిచింది అందులో పడుకున్న మనిషి మీదే.