ఏం కాదు

సందు మలుపులో నల్లకుక్క కనబడగానే నాన్న తాడును చేతికి బిగించి చుట్టుకున్నాడు. "ఏం కాదురా బుడ్డోడా, ఏం కాదు."

ఆ మాట చెవిన పడిందో లేదో, ఏడాదైనా నిండని మా కుక్క బుడ్డోడు మొరుగుతూ ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. తూలిపడబోయిన నాన్నను నేను పట్టుకున్నాను. నల్లకుక్కను తెచ్చినాయన గొణుక్కుంటూ దాన్ని లాక్కుపోయాడు.

"మొన్నటిదాకా ఎంత బుద్ధిగా ఉండేవాడు. వయసొచ్చేసరికి మాట వినడం మానేశాడు," అన్నాడు నాన్న రొప్పుతూ.

"వింటున్నాడు నాన్నా, అదే గొడవ. ఎదురుగా కుక్క వస్తేనే నువ్వు ఆ మాట అంటావు. మామూలప్పుడు ఎప్పుడైనా అన్నావా? వాడి లెక్కలో 'ఏం కాదు' అంటే ఏదో ముంచుకొస్తోందనే."

నాన్న నవ్వబోయాడు. ఇంతలో ఫోను మోగింది. అమ్మ రిపోర్టులు వచ్చాయని ఆస్పత్రి నుంచి. వింటూ వింటూనే తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"ఏమన్నారు?"

"ఏం కాదులేమ్మా. ఏం కాదు."

వీధి ఖాళీగా ఉంది. అయినా బుడ్డోడు చెవులు రిక్కించి అటూ ఇటూ వెతికాడు.

నేను నాన్న మొహంలోకే చూశాను.