ఐలయ్య వేలిముద్ర

కుర్మయ్య లోపల అడుగుపెట్టేసరికి చిన్నాయన ఐలయ్య నిండా గొంగడి కప్పుకొని మూలుగుతున్నాడు. బయట రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ.

"ఏమైంది చిన్నమ్మా?"

"పొద్దుగాల నుంచి బీమార్ పడ్డడు కొడుకా. పెయ్యంత కాలుతున్నది," అంది రుక్కమ్మ, జొన్నరొట్టె తడుతూ. ఇల్లంతా పచ్చి ఉల్లిగడ్డ వాసన. మొగుడు జ్వరంతో మూలుగుతుంటే రొట్టెలు చేయగలుగుతోందంటే గుండె ఎంత రాయి చేసుకుందో పాపం, అనుకున్నాడు కుర్మయ్య.

అతని చేతిలో కొత్త తోలుసంచి, అందులో జీవిత బీమా అమ్ముకొమ్మని కంపెనీ ఇచ్చిన లైసెన్సు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది అది. గుమాస్తా పని దొరక్క ఈ పనిలో దిగి, మూడు నెలలుగా శంషాబాదు నుంచి పహాడీ షరీఫ్ దాకా చెప్పులరిగేలా తిరిగాడు. నువ్వు చచ్చాక మీవాళ్లకు డబ్బొస్తుందని చెప్పేవాడికి ఎవరు మాత్రం మజ్జిగ పోస్తారు? ఈ రోజు ఒక్కరి వేలిముద్రయినా పడకపోతే రేపు లైసెన్సు పట్నం ఆఫీసులో అప్పగించాలి. అందుకే నిన్న సిగ్గు విడిచి, బండి తోలే జంగయ్యతో తొండుపల్లిలో ఉన్న చిన్నాయనకు కబురంపాడు, బీమాకు ఒక మనిషి కావాలి, రేపు వస్తున్నానని.

"కాయితం తియ్యి. ముద్ర ఏస్త," అన్నాడు ఐలయ్య గొంగడిలోంచి చెయ్యి చాచి.

కుర్మయ్య వంగి ఆ చెయ్యి అందుకున్నాడు. తండ్రి పోయాక తనను పెంచిన చెయ్యి అది. పట్టుకుంటే నిజంగానే కాలుతోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే బీమా రాయాలన్నది కంపెనీ మొదటి నియమం. జ్వరం సంగతి దాచి రాసేస్తే పని నిలుస్తుంది, పట్నం నుంచి ఎవరొచ్చి చూస్తారు?

సంచి మూసేశాడు.

"వద్దు చిన్నాయనా. దవాఖానకు పోదాం."

"ముందుగాల ముద్ర. దవాఖాన సంగతి తర్వాత."

"లైసెన్సు పోతే పోనియ్యి. నాకు నువ్వుండాలె."

రుక్కమ్మ చేతిలో రొట్టె ఆగిపోయింది. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ కళ్లు చెమర్చాయి.

కుర్మయ్య పరుగున వెళ్లి జంగయ్య బండిని వాకిట్లోకి తోలించుకొచ్చాడు. తనకేమీ కాలేదని ఐలయ్య ఎంత గింజుకున్నా వినకుండా, చేతులు పట్టి పైకి లేపాడు.

చంకల్లోంచి రెండు ఉల్లిగడ్డలు జారి, దొర్లుకుంటూ పొయ్యి దాకా పోయాయి.

చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి, జ్వరం వస్తుందని తను చేసిన పనే అది. కుర్మయ్య నోరు తెరుచుకొని చూస్తుండిపోయాడు. ఐలయ్య చెమట తుడుచుకుంటూ, తప్పు చేసినవాడిలా మెల్లగా అడిగాడు.

"బీమా అంటే బీమారోళ్లకే గద, కొడుకా?"