ఎవడిదా గొంతు

"మన ఊళ్ళో రిఫైనరీ వద్దని టెంటేశారు కదా. అక్కడ మీ ఆవిడ రోజూ ఎవడి గొంతో మైకులో పెడతందంట. అది వినడానికే జనం వస్తన్నారంట," అన్నాడు బస్సులో పక్కన కూర్చున్న ఊరివాడు ఖాసీం.

గల్ఫ్‌లో, మెసయీద్‌లో అలాంటి రిఫైనరీలోనే పనిచేస్తున్న ఆంజికి ఒళ్ళు మండింది. తనతో మాట్లాడ్డానికి తీరిక లేదంటున్నది ఇందుకా అనుకున్నాడు. క్యాంప్ చేరేదాకా ఆగలేక, డ్యూటీ బస్సులోంచే భార్యకు ఫోన్ చేశాడు.

"ఎవడే వాడు?"

అంకాలమ్మ ఆ రికార్డింగ్ వినిపించింది.

"గొట్టం మీద మంట ఆరదే అంకాలూ. తలుపేసుకున్నా వాసన పోదు..." వెంటనే తెరలు తెరలుగా దగ్గు.

తను పంపిన వాయిస్ మెసేజే.

"నా దగ్గు ఊరందరికీ వినిపిస్తావేంటే?"

"ఇక్కడా ఆ గొట్టం లేస్తే, దగ్గు తగ్గించుకోడానికి ఏ ఊరొస్తావు మావా?"