ఊడ్చిన గుట్ట

మాకు ఇచ్చింది నాపరాళ్ల తుక్కు గుట్ట. పొలాల మట్టంతా గాలికి కొట్టుకుపోయాక అందరి పనీ ఒకటే: రాతిపొడి మీద ఆకులు పరిచి, కుళ్లబెట్టి, మట్టి చేయాలి. మట్టిలో ప్రాణం కనిపిస్తేనే మన పక్కన ఇంకో ఇల్లు కట్టనిస్తారు. మా ఆయన మబ్బులు దింపే పనికి పోయి ఏడు నెలలైంది. ఇరుగుపొరుగు గొంతు ఎట్లా ఉంటుందో మా పాపకి తెలియదు.

ప్రతి సోమవారం ఎగిరే బండి ఆకుల మూట పడేసి పోతుంది. నిన్న అదే బండిలో మాబున్నక్క తనిఖీకి వచ్చింది. ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ప్రాణముంటే పచ్చగా మారే సూదిని నేలలో గుచ్చి, చుట్టూ చూసింది.

"ఆకులేవి అమ్మీ?"

"ఊడ్చేసినా అక్కా. బిడ్డ పాకుతాంది. ఆకుల కింద తేలుంటాదని బయం."

అక్క నవ్వింది. "తేలొచ్చేంత బాగ్యమా ఈ గుట్టకు? తేలుకు పురుగుండాల, పురుగుకు కుళ్లుండాల. నువ్వేమో పెండ్లిల్లు మాదిరి ఊడ్చి పెడితివి!"

సూది మారలేదు. ఇంకో ఏడాది ఆగాలంది. టీ తాగి పొమ్మన్నాను. బండి ఆగదని వెళ్లిపోయింది.

గుట్ట కింద పారబోసిన ఆకులన్నీ ఈరోజు తట్టతో మోసి మళ్లీ పరిచాను. పాపను చంకనేసుకుని ఒక్కో ఆకూ ఎత్తి చూస్తున్నాను. భయం పోలేదు. అయినా ప్రతి ఆకు కిందా తేలు కనబడితే బాగుండుననే చూస్తున్నాను.