నీటిబల్లుల మామ

“మామా, పక్కకు జరుగు! ఇంట్లో రొట్టెల పిండి పొంగిపోతోంది.”

పెర్షెంగ్ విసుగ్గా బిందె దించింది.

వాగులో మోకాళ్ల మీద కూర్చున్న ఫతా మామ తల ఎత్తలేదు. ఒక్కో రాయీ లేపి చూస్తున్నాడు.

“ఒక్క నిమిషం తల్లీ. ఇంకా ఒక్కటీ కనబడలేదు.”

ఆయన వెతికేది సాలమాండర్లను. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. ఊళ్లో వాటిని నీటిబల్లులంటారు.

ఏటా మంచు కరగగానే కొండ అవతలి నుంచి వచ్చేవాడు. పాడుబడ్డ మిల్లులో ఉండేవాడు. అందరికంటే ముందు వాగులో దిగేవాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

“బల్లులకు సంబంధాలు చూస్తున్నావా మామా?” పొరుగింటి గులాలె అందుకుంది.

నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

ఆయన నవ్వలేదు. అప్పుడే లేపిన రాయి కింద నుంచి మూడు నీటిబల్లులు వెల్లకిలా తేలాయి.

“ఎవరూ బిందెలు ముంచకండి! నీళ్లు బాగాలేవు!”

“అద్దంలా ఉన్నాయిగా. నీకేం వచ్చింది పొద్దున్నే?” అంది గులాలె.

అప్పటికే పెర్షెంగ్ కూతురు చినార్ గిన్నె నోటి దాకా ఎత్తింది.

ఆయన ఒక్క గెంతులో వచ్చి గిన్నెను కొట్టాడు. పిల్ల పెదవి చిట్లింది.

“నా బిడ్డ మీద చెయ్యి చేసుకుంటావా!”

పెర్షెంగ్ రెండు చేతులా నెట్టింది. ఆయన ఆ చల్లటి నీళ్లలో పడ్డాడు.

మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. “మళ్లీ ఈ ఊళ్లో కనబడ్డావో!” అంటూ కొండదారి పట్టించారు. తడిబట్టలతోనే వెళ్లిపోయాడు.

మలుపు దాటాడో లేదో, దిగువ నుంచి కాపరి కేక.

“వాగు నీళ్లు తాగొద్దు! గొర్రెలు పడిపోతున్నాయి!”

పైన తోటవాడెవడో పురుగుమందు డబ్బాలు వాగులో కడిగాడట.

మూడు రోజులు పెర్షెంగ్‌కు ముద్ద దిగలేదు. నాలుగో రోజు రొట్టెలు, అక్రోట్లు మూటగట్టుకుని కొండ దాటింది.

ఫతా ఇంటికి తాళం. పక్కింటి ముసలమ్మ బయటికొచ్చింది.

“తడిసి వచ్చాడు, నిమ్ము చేసిందమ్మా. నిన్ననే మట్టి చేశాం, పిల్లల పక్కన.”

పెర్షెంగ్ గడప మీద కూలబడింది.

“నా కూతుర్ని బతికించాడు. నేనేమో నీళ్లలోకి తోశాను. ఏటా ఆ బల్లుల్ని ఎందుకు వెతికేవాడో ఒక్క మాట చెప్పకపోయాడే!”

“ఎవరికీ చెప్పుకోలేదు.”

ముసలమ్మ ఆమె పక్కన కూర్చుంది.

“యుద్ధంలో విషం బాంబులు పడ్డ రోజు, గొంతు మండుతోందని నలుగురు పిల్లలూ ఏడుస్తుంటే, చచ్చి తేలుతున్న నీటిబల్లుల్ని చూసుకోకుండా వాగు నీళ్లు తన దోసిలితో తనే పట్టాడు.”